క్వీన్ సౌండ్ ఎక్కడ మారింది: 1977లోనా, 1980లోనా, 'హాట్ స్పేస్'లోనా?

నల్లరికార్డు (ప్రశ్న)

బ్రిటిష్ రాక్ బ్యాండ్ క్వీన్ స్టూడియో ఆల్బమ్‌లు 1973 నాటి మొదటిదాని నుంచి వరసగా వింటున్నాను. 'ఎ నైట్ ఎట్ ది ఆపెరా' (1975) దాకా గిటార్లు, గొంతులు పొరలు పొరలుగా ఉన్నాయి. 'ది గేమ్' (1980)కి వచ్చేసరికి అంతా పల్చబడింది. 'హాట్ స్పేస్' (1982)లో అయితే గిటారిస్టు బ్రయాన్ మే ఉన్నాడా లేడా అని వెతుక్కోవాల్సి వస్తోంది. తొలి ఆల్బమ్‌ల కవర్ల మీద సింథసైజర్ (శబ్దాలను ఎలక్ట్రానిక్‌గా పుట్టించే కీబోర్డు) వాడలేదని గొప్పగా వేసుకున్న బ్యాండ్ కదా ఇది. అంతా సింథ్ చేసిన పనేనా?

ఇంకో సందేహం. ఆ పాత గిటార్ హార్మనీని (వేర్వేరు స్వరాలు కలిసి పలకడాన్ని) ఇంట్లో కంప్యూటర్ మీద రికార్డు చేద్దామంటే మూడు ట్రాకులు పెట్టగానే బురదబురదగా కలిసిపోతోంది. ఎక్కడ తేడా కొడుతోంది?

ఆరోతీగ

రెండోది ముందు. బురద అవుతోందంటే ఒకే టేక్‌లో (ఒక్కసారి వాయించి రికార్డు చేసేదానిలో) రెండేసి స్వరాలు కలిపి వాయిస్తున్నారని నా అనుమానం. డిస్టార్షన్ (శబ్దాన్ని గరగరలాడించడం) ఉన్న ఆంప్‌లోకి (గిటార్ యాంప్లిఫయర్‌లోకి) రెండు స్వరాలు ఒకేసారి వెళ్తే వాటి మొత్తం, తేడా ఫ్రీక్వెన్సీలు కూడా కొత్తగా పుట్టుకొస్తాయి. పవర్ కార్డ్‌కి (మూలస్వరం, దాని ఐదో స్వరం మాత్రమే) అది అందం, థర్డ్‌లకి (మూలస్వరం, మూడో స్వరం జతలకి) అదే చేటు. మే పద్ధతి ట్రాక్‌కి ఒక్క స్వరమే. మూడు స్వరాల కార్డ్ కావాలంటే మూడు ట్రాకులు. డిస్టార్షన్ దేనికది విడిగా పడుతుంది కాబట్టి కలిపినా కార్డ్ శుభ్రంగా ఉంటుంది. ప్లగిన్‌లు (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో కలిపే ఎఫెక్టులు) వాడేవాళ్లు మూడింటినీ ఒకే బస్‌లోకి (ట్రాకులన్నీ కలిసే దారిలోకి) పంపి దాని మీద ఒక్క ఆంప్ సిమ్ (ఆంప్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్) పెట్టేస్తుంటారు. అలా పెడితే పడ్డ కష్టమంతా వృథా.

గెయిన్ (ఆంప్‌లోకి వెళ్లే సిగ్నల్‌ని పెంచే పాళ్లు) కూడా బాగా తగ్గించండి. మే సిగ్నల్ దారి చాలా చిన్నది: రెడ్ స్పెషల్ (ఆయన గిటార్), ట్రెబుల్ బూస్టర్ (పై స్వరాలను పెంచే పెట్టె), వాల్యూమ్ నిండా పెట్టిన వాక్స్ ఏసీ30 ఆంప్ నార్మల్ చానెల్. ఆంప్‌లోకి వెళ్లకముందే బూస్టర్ కింది స్వరాలను పలచన చేస్తుంది. అందుకే అంత గట్టిగా పెట్టినా గుబగుబమనదు. బూస్టర్ లేకపోతే ఆంప్ సిమ్‌కి ముందు ఈక్యూ (స్వరాల పాళ్లు సర్దే ఫిల్టర్) పెట్టి 200 హెర్ట్జ్ కింద కోసి చూడండి. తర్వాత పెడితే లాభం లేదు, అప్పటికే గందరగోళం జరిగిపోయి ఉంటుంది.

ఇక పికప్‌లు, అంటే తీగల కదలికను విద్యుత్ సిగ్నల్‌గా మార్చేవి. రెడ్ స్పెషల్‌లో మూడు బర్న్స్ ట్రై-సోనిక్‌లు సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి కలిపి) ఉంటాయి. ఒక్కోదానికి ఆన్-ఆఫ్ స్విచ్ ఒకటి, ఫేజ్ (సిగ్నల్‌ను తలకిందులు చేసే) స్విచ్ ఒకటి, మొత్తం ఆరు. మామూలు ఫెండర్ స్ట్రాట్ గిటార్‌లో రెండు పికప్‌లు కలిపితే అవి ప్యారలల్ (పక్కపక్కన కలిపినవి). సిరీస్‌లో సౌండ్ లావెక్కుతుంది. ఒకదాని ఫేజ్ తిప్పితే కింది స్వరాలు కొట్టేసుకుపోయి ముక్కుతో అరిచినట్టు వస్తుంది. హార్మనీలో ఒక్కో ట్రాక్‌కి ఒక్కో పికప్ జత పెట్టండి, ఒకదాని మీద ఒకటి ఎక్కవు.

వైబ్రాటో (స్వరాన్ని వణికించడం) వేగం మూడు టేకుల్లోనూ ఒకటే ఉండాలి. స్వరాన్ని వదిలే క్షణం కూడా. అందరూ స్వరం మొదలుపెట్టే చోటే చూసుకుంటారు, తేడా దొరికిపోయేది చివర్లో. అన్నట్టు, 'గుడ్ కంపెనీ' పాటలో ట్రాంబోన్, క్లారినెట్ అనుకునేవన్నీ గిటారే. అక్కడ ఏసీ30 కూడా కాదు, బాస్ గిటారిస్టు జాన్ డీకన్ చెత్తలో దొరికిన సర్క్యూట్ బోర్డుతో కట్టిన 9 వోల్టుల బ్యాటరీ ఆంప్.

సైడ్ బి

మొదటి ప్రశ్నకి నా జవాబు: మార్పు 1980లో కాదు, 1977లోనే వచ్చింది. 'న్యూస్ ఆఫ్ ది వరల్డ్' తెరిస్తే మొదటి పాట 'వీ విల్ రాక్ యూ'. డ్రమ్స్ లేవు, బాస్ లేదు. కాళ్ల తొక్కుడు, చప్పట్లు, గాయకుడు ఫ్రెడ్డీ గొంతు, కోరస్. గిటార్ చివర్లో గానీ తెరమీదికి రాదు. రెండేళ్ల ముందు 'బొహీమియన్ రాప్సొడీ'కి 24 ట్రాకులు చాలక, కలిపిన ట్రాకుల్నే మళ్లీ మళ్లీ టేప్ మీదికి దించుతూ, టేప్ మీది ఆక్సైడ్ అరిగి వెలుతురు కనిపించేదాకా లాగింది ఈ బ్యాండే.

అలాగని 'వీ విల్ రాక్ యూ' తేలిగ్గా చుట్టేసింది కాదు. ఆ తొక్కుడుని వేర్వేరు డిలేలతో (ఆలస్యాలతో) పదేపదే పేర్చారు, ఆ డిలేల నిష్పత్తులు ప్రధాన సంఖ్యలు. సమాన దూరంలో పేరిస్తే ప్రతిధ్వని వినిపిస్తుంది, ఇలా పేరిస్తే జనం ఎక్కువైనట్టు అనిపిస్తుంది. ఫిజిక్స్ చదివిన గిటారిస్టు బుర్ర అది.

సింథ్ వాదనకి అసలు దెబ్బ 'అనదర్ వన్ బైట్స్ ది డస్ట్'. 1980 అక్టోబర్‌లో అమెరికాలో మూడు వారాలు నంబర్ వన్. ఆ పాటలో సింథ్ లేదు! మధ్యమధ్య దూసుకొచ్చే ఆ వింత శబ్దాలు టేప్ తిరగేసి, వేగం మార్చి వినిపించిన పియానో, గిటార్, డ్రమ్స్, పైన ఈవెంటైడ్ హార్మనైజర్ (స్వరం ఎత్తును మార్చే యంత్రం). 'ది గేమ్' ఆల్బమ్‌లో సింథ్ (ఓబర్‌హైమ్ ఓబీ-ఎక్స్) ఉన్న మాట నిజమే, మొదటి పాట మొదట్లోనే వినిపిస్తుంది. కానీ మీరు 'పల్చబడింది' అంటున్నది దానివల్ల కాదు.

డ్రమ్‌కర్ర

సైడ్ బి గారూ, సగమే ఒప్పుకుంటాను. 1978లో 'జాజ్' ఆల్బమ్‌కి పాత ప్రొడ్యూసర్ రాయ్ థామస్ బేకర్ తిరిగొచ్చాడు, మళ్లీ పొరలు వచ్చాయి కదా. గట్టి మలుపు మ్యూనిక్‌లోని మ్యూజిక్‌ల్యాండ్ స్టూడియో, అక్కడి ప్రొడ్యూసర్ మాక్. అంతకుముందు బ్యాకింగ్ ట్రాక్‌లో (పాటకి పునాదిగా కలిసి వాయించే వాద్యాల రికార్డింగ్‌లో) ఎవరు తప్పు వాయించినా అందరూ మొదటి నుంచి కొట్టాల్సిందే. తప్పు వచ్చిన చోటి నుంచే వాయించి టేప్ మీద అతికించొచ్చని మాక్ చూపించాడు. పని తేలికైంది, వేగం పెరిగింది, దానితో పాటే అలంకారాలు తగ్గాయి. 'క్రేజీ లిటిల్ థింగ్ కాల్డ్ లవ్'కి మే రెడ్ స్పెషల్ పక్కన పెట్టి ఫెండర్ పట్టుకున్నాడు.

'హాట్ స్పేస్' సంగతికొస్తే, గిటార్ తగ్గడం పెద్ద నష్టం కాదు. 'స్టేయింగ్ పవర్'లో బాస్ గిటార్ తీసేసి సింథ్ బాస్ పెట్టారు. బ్రాస్ (ట్రంపెట్ లాంటి ఊదే వాద్యాలు) మాత్రం అసలుదే, దాని స్వరాల కూర్పు ఆరిఫ్ మార్డిన్‌ది. డీకన్, డ్రమ్మర్ టేలర్ ఒకరినొకరు వింటూ వాయించే ఆ సయ్యాట పోయింది. పాటల్లో లోపం లేదనడానికి రుజువు కావాలంటే 1982 జూన్ 5న మిల్టన్ కీన్స్ బౌల్ కచేరీ రికార్డింగ్ వినండి. అదే పాట, డీకన్ రిథమ్ గిటార్ పట్టుకున్నాడు, వెనక నిజం డ్రమ్స్. స్టూడియో వెర్షన్ దాని ముందు డెమోలా ఉంటుంది. 'బాడీ లాంగ్వేజ్' మాత్రం ఎలా వాయించినా నాకు ఎక్కదు. అమెరికాలో 11వ స్థానం దాకా వెళ్లింది, సొంతగడ్డ మీద 25 దగ్గరే ఆగింది.

నల్లరికార్డు

గిటార్ ట్రాకులు విడదీసి మళ్లీ కొట్టాను, చాలా తేడా ఉంది. థాంక్స్ ఆరోతీగ గారూ. పోనీ 'ది వర్క్స్' (1984)లో గిటార్ వెనక్కి వచ్చింది కదా? 'ఐ వాంట్ టు బ్రేక్ ఫ్రీ' సోలో ఎంత బాగుంటుందో!

ఆరోతీగ

అది గిటార్ కాదండీ. ఫ్రెడ్ మాండెల్ వాయించిన సింథ్ సోలో. మే కచేరీల్లో దాన్ని గిటార్ మీద వాయించేవాడు, అందుకే చాలామంది పొరబడతారు. 'ది వర్క్స్'లో గిటార్ కావాలంటే 'హ్యామర్ టు ఫాల్'.

సైడ్ బి

డ్రమ్‌కర్ర గారు చెప్పని సంగతి ఒకటుంది. ఈ బ్యాండ్‌లో నలుగురూ విడివిడిగా పాటలు కట్టేవాళ్లు, నలుగురూ హిట్లు ఇచ్చారు. కట్టినవాడి మాటే ఆ పాటకి చెల్లుబాటు. డీకన్ చెవి ఫంక్ వైపు, మే చెవి హార్డ్ రాక్ వైపు. ఆల్బమ్‌లో ఎవరి పాటలు ఎక్కువుంటే సౌండ్ అటు ఒరిగేది. వినేటప్పుడు సంవత్సరం కాకుండా పాట కింద ఎవరి పేరుందో చూడండి, సగం చిక్కుముడి విడిపోతుంది. 1989లో 'ది మిరకిల్' నుంచి పాటలన్నిటికీ క్వీన్ అని ఉమ్మడి పేరే వేశారు, ఆ ఆధారం అక్కడితో పోయింది.

లైవ్ ఎయిడ్ సహాయార్థ కచేరీ (1985 జూలై 13)లో క్వీన్ పాటల జాబితా కూడా చూడండి. ఆరు పాటల్లో 'రేడియో గా గా', 'హ్యామర్ టు ఫాల్', 'క్రేజీ లిటిల్ థింగ్' మూడూ మ్యూనిక్ మలుపు తర్వాతివే. స్టేడియం ఊగిపోయింది 'రేడియో గా గా' చప్పట్లకి. అది రోజర్ టేలర్ కట్టిన సింథ్ పాట.

డ్రమ్‌కర్ర

దానికి ఎదురు చెప్పలేను. నల్లరికార్డు గారూ, 'హాట్ స్పేస్' తర్వాత నేరుగా 'ఇన్యూయెండో' (1991) టైటిల్ పాటకి వెళ్లండి. ఆరున్నర నిమిషాలు, మధ్యలో యెస్ బ్యాండ్ స్టీవ్ హౌ స్పానిష్ గిటార్, ఆ వెంటనే మే ఎలక్ట్రిక్. కీబోర్డులు నిండుగా ఉన్నా గిటార్ దారి మూసుకుపోదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి ఎడమ చెవి ఒక్కటే, తర్వాత కుడి ఒక్కటే వినండి.