శ్రీహరికోట నుంచే ఎందుకు, మన కళింగపట్నం నుంచి రాకెట్ పంపలేమా? తొమ్మిదో తరగతి పిల్ల అడిగిన ప్రశ్న

గార మాస్టారు

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లా గార మండలంలో ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. కిందటి వారం గురుత్వాకర్షణ పాఠం అయ్యాక మాట రాకెట్ల మీదకు మళ్ళింది. శ్రీహరికోటనే ఎందుకు ఎంచుకున్నారని నేనే అడిగి, జవాబూ నేనే చెప్పేశాను. తూర్పున సముద్రం ఉంది, భూమధ్యరేఖకు దగ్గర, భూమి తిరిగే వేగం కలిసొస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే చెబుతున్నాను.

వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచింది. వాళ్ళ నాన్న కళింగపట్నం దగ్గర చేపల వేటకు వెళ్తాడు. "మనకీ తూర్పునే కదా మాస్టారూ సముద్రం. మనూరి నుంచి ఎగరేస్తే ఏటవుద్ది?" అంది.

"మనం భూమధ్యరేఖకు ఇంకాస్త దూరం కదమ్మా" అన్నాను.

"ఎంత దూరం?"

ఇంటికెళ్ళి లెక్క వేశాను. శ్రీహరికోట 13.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం, కళింగపట్నం 18.3. భూమధ్యరేఖ దగ్గర నేల సెకనుకు 465 మీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతుంది. శ్రీహరికోటలో అది 452 మీటర్లు, మన దగ్గర 441. తేడా 11 మీటర్లు. అమెరికా వాళ్ళయితే ఫ్లోరిడాలో 28.5 డిగ్రీల దగ్గరున్న కెన్నెడీ స్పేస్ సెంటర్ నుంచి చంద్రుడి మీదకే మనుషుల్ని పంపారు. ఇన్నేళ్ళూ నేను చెప్పిన జవాబు ఆ పిల్ల ప్రశ్నకు జవాబే కాదని ఆ రాత్రి అర్థమైంది. నిద్ర సరిగా పట్టలేదు.

అసలు కారణం ఏమిటి? తెలిసినవాళ్ళు లెక్కతో సహా చెప్పండి. సోమవారం క్లాసులో ఆ పిల్లకు చెప్పాలి.

చంపావతి ఒడ్డు (విజయనగరం)

మాస్టారూ, మీ లెక్క కరెక్టే. కక్ష్యలో నిలవాలంటే సెకనుకు 7,700 మీటర్ల దాకా వేగం కావాలి, అందులో 11 మీటర్లు ఏ మూలకు? సంగతంతా దారిలో ఉంది. స్కూల్లో గ్లోబు ఉంటే కళింగపట్నం మీద దారం కొస పెట్టి నేరుగా తూర్పుకి లాగండి. వెయ్యి కిలోమీటర్లు దాటగానే మయన్మార్ తీరం తగులుతుంది. దాని వెనకాల థాయ్‌లాండ్, లావోస్, వియత్నాం. ఇప్పుడు శ్రీహరికోట నుంచి కొద్దిగా ఆగ్నేయానికి లాగి చూడండి. అండమాన్‌కీ నికోబార్‌కీ మధ్య ఖాళీ ఉంది చూశారా, దారం అందులోంచి పోతుంది.

ఆ దారి ఎందుకు అంత ముఖ్యమంటే, రాకెట్ పైకి పోతూ ఇంధనం అయిపోయిన భాగాల్ని, అంటే స్టేజీల్ని, వదిలేస్తుంది. 2023 జులై 14న చంద్రయాన్-3ని మోసుకెళ్ళిన ఎల్‌వీఎం3లో పక్క బూస్టర్లు రెండు నిమిషాలకు, మధ్యలోని ఎల్110 స్టేజీ అయిదు నిమిషాలకు విడిపోయాయి. అప్పటికి అది సెకనుకు నాలుగు కిలోమీటర్లు దాటిన వేగంలో ఉంటుంది. విడిపోయాక కూడా ఎంతో దూరం దూసుకెళ్ళి గానీ పడదు. అది పడేచోట మనుషులు ఉండకూడదు.

సరే, మన తీరం నుంచి కూడా ఆ ఖాళీకే గురి పెడదాం అంటారా? అప్పుడు దాదాపు 45 డిగ్రీలు దక్షిణానికి వాలాలి. కక్ష్య వంపు, అంటే భూమధ్యరేఖతో కక్ష్య చేసే కోణం, 48 డిగ్రీల దగ్గరకు పోతుంది. శ్రీహరికోట నుంచయితే 21, 22 డిగ్రీలే. భూమధ్యరేఖ మీద భూమితో పాటే తిరిగే భూస్థిర కక్ష్యకు వెళ్ళే ఉపగ్రహం ఈ వంపునంతా తన సొంత ఇంధనంతో తీసేసుకోవాలి. నా లెక్క ప్రకారం సెకనుకు మరో 600 మీటర్ల వేగానికి సరిపడా ఇంధనం మోయాలి. మీ 11 మీటర్ల పక్కన ఈ 600 పెట్టి చూపించండి, పిల్లలకి వెంటనే తెలుస్తుంది.

తెరచాప

మాదీ ఆ తీరమే, కళింగపట్నానికి పైన ఒక పల్లె. లెక్కలు నాకు అంతగా తెలీవు గానీ నీళ్ళ మీద ఉన్నవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర బోట్లకు వేట నిషేధం. తర్వాత తుపాను హెచ్చరికలు. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లు వరసలకు వరసలు నేలకొరిగాయి. ఒడ్డున లాగి పెట్టిన మా తెప్ప రెండు ముక్కలైంది. ఇన్నీ పోగా మిగిలిన రోజుల్లో ప్రయోగం ఉంది, సముద్రంలోకి వెళ్ళొద్దు అంటారు. ప్రయోగం వాయిదా పడితే ఆ మాట మళ్ళీ ఇంకో రోజు వినాలి. పులికాట్ వైపు మనవాళ్ళకు ఇది అలవాటైన కష్టమే.

శ్రీహరికోట ఒక దీవి. అటు పులికాట్ సరస్సు, ఇటు సముద్రం, అక్కడి రాకెట్ కేంద్రం షార్‌కి 43 వేల ఎకరాల పైన నేల, యాభై కిలోమీటర్ల తీరం. అంత ఖాళీ అనుకున్నచోట కూడా యానాదుల పల్లెల్ని కదిలించారు. మన దగ్గర అడుగడుగునా పల్లే. ఎవర్ని లేపుతారు?

గార మాస్టారు

ఇద్దరికీ ధన్యవాదాలు. తెరచాప గారూ, మీ మాట క్లాసులో చదివి వినిపించాను. సగం మంది పిల్లలు వేటకెళ్ళే ఇళ్ళవాళ్ళే, గుక్క తిప్పుకోకుండా విన్నారు.

గ్లోబు తీశాం. పాతది, ఇరుసు తుప్పు పట్టింది, తిప్పితే కిర్రుమంటుంది. మిషను దారానికి ఎర్ర సుద్ద రుద్ది పట్టాం. కళింగపట్నం నుంచి మయన్మార్ రెండున్నర సెంటీమీటర్లు. శ్రీహరికోట నుంచి అండమాన్, నికోబార్ మధ్య ఖాళీ దాకా మూడు పైన. దారం తీసేశాక ఎర్ర గీత సముద్రం మీద అలాగే ఉంది.

అంతా అయిపోయిందనుకుంటే ఆ పిల్ల వచ్చి దారాన్ని కిందికి, దక్షిణానికి లాగింది. శ్రీలంక నా చిటికెన వేలి గోరంత ఉంది. దారం దానికి తగల్లేదు, పక్క నుంచి పోయింది. ఆ తర్వాత అంటార్కిటికా దాకా నీళ్ళే! "ఇటు ఎగరేయొచ్చు కదా మాస్టారూ" అంది. దీనికేమంటారు?

చంపావతి ఒడ్డు (విజయనగరం)

ఆ పిల్ల పట్టుకున్నది అసలైన పాయింటు. ధ్రువాల మీదుగా ఉత్తర దక్షిణాలుగా తిరిగే ధ్రువ కక్ష్యల విషయంలో శ్రీహరికోటకు ఉన్న ఇబ్బంది అదే. నేరుగా దక్షిణానికి పోతే ముందు తమిళనాడు తీరం, తర్వాత శ్రీలంక. అందుకే పీఎస్‌ఎల్‌వీ మొదట ఆగ్నేయానికి వెళ్ళి, శ్రీలంకను తప్పించుకుని, అప్పుడు దక్షిణానికి మలుపు తిరుగుతుంది. ఈ మలుపు ఊరికే రాదు. సెకనుకు 2 కిలోమీటర్ల వేగంలో ఉండగా 10 డిగ్రీలు తిరగాలంటే 350 మీటర్ల వేగం ఖర్చు. 7.5 కిలోమీటర్ల వేగంలో అయితే అదే మలుపుకి 1,300 మీటర్లు. చిన్న రాకెట్‌కి ఇది మోయలేని భారం. ఎస్‌ఎస్‌ఎల్‌వీ అనే ఇస్రో చిన్న రాకెట్ కోసం తమిళనాడులో కులశేఖరపట్నం దగ్గర 2024 ఫిబ్రవరి 28న కొత్త ప్రయోగ కేంద్రానికి శంకుస్థాపన చేసింది ఇందుకే. అక్కడి నుంచి దక్షిణానికి అడ్డే లేదు.

మన 84 డిగ్రీల రేఖాంశం శ్రీలంక తూర్పు కొసకు రెండు వందల కిలోమీటర్ల పైనే దూరం. కానీ ఏ చోటి మీదుగానైనా రోజూ దాదాపు ఒకే వేళకు వెళ్ళే ధ్రువ కక్ష్య, అంటే సూర్యానువర్తన కక్ష్య, వంపు 98 డిగ్రీలు కాబట్టి దారి కాస్త పడమరకు వాలుతుంది, కిందికి పోయేసరికి శ్రీలంక బాగా దగ్గరపడుతుంది. చిన్న మలుపు మనకీ తప్పదు. అయినా శ్రీహరికోట కంటే మేలే. ఈ ఒక్క దిక్కులో ఆ పిల్లదే రైటు.

పలాస జీడిపప్పు

మరి స్పేస్‌ఎక్స్ ఫాల్కన్ 9 మొదటి స్టేజీ 2015 డిసెంబర్ నుంచే తిరిగొచ్చి నిలబడుతోంది కదా. మన కొత్తతరం రాకెట్ ఎన్‌జీఎల్‌వీకి కూడా 2024 సెప్టెంబర్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదం ఇచ్చింది, దాని మొదటి స్టేజీ తిరిగి వాడేదే. స్టేజీలు సముద్రంలో పడకపోతే ఈ అడ్డంకులు ఉండవుగా? మూలపేట పోర్టు వస్తోంది, దాని పక్కన ప్రయోగ కేంద్రం కూడా వస్తే మన పిల్లలు పని కోసం వెరావల్, చెన్నై పోనక్కర్లేదు.

చంపావతి ఒడ్డు (విజయనగరం)

అన్నా, మీ ఆశే నాదీ. కానీ దారి వేసేది రాకెట్ బాగా పనిచేసిన రోజును బట్టి కాదు, చెడిన రోజును బట్టి. 2010 డిసెంబర్ 25న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్06 అదుపు తప్పితే నిమిషం దాటిన కాసేపటికే కింద నుంచి ఆదేశం ఇచ్చి పేల్చేశారు. ముక్కలన్నీ బంగాళాఖాతంలో పడ్డాయి. 1960లో ఫ్లోరిడా నుంచి పోయిన రాకెట్ శకలాలు క్యూబాలో పడ్డాయి, ఒక ఆవు చచ్చిపోయిందని క్యూబా గొడవ చేసింది. 1969 తర్వాత అయిదు దశాబ్దాల పాటు ఆ దక్షిణ దారి వాడలేదు. 2020 ఆగస్టు 30న మళ్ళీ మొదలుపెట్టింది ఫాల్కన్ 9తోనే, అదీ మలుపు తిప్పి.

గార మాస్టారు

ఇవాళ ఇదంతా క్లాసులో చెప్పాను. ఆవు సంగతి రెండుసార్లు చెప్పించుకున్నారు. భూమధ్యరేఖ మాట తీసేయలేదు, అది నిజమే. దాని కింద మూడు గీతలు గీసి, ఒక్కో గీత పక్కన కింద ఏముందో రాయించాను. మయన్మార్, శ్రీలంక, మన తెప్పలు.

బెల్లు కొట్టాక ఆ పిల్ల మళ్ళీ వచ్చింది. "సముద్రం పడమరే ఉన్నోళ్ళు ఏం చేత్తారు మాస్టారూ?" అంది. ఈసారి నాకు తెలుసు. ఇజ్రాయెల్ తూర్పున పొరుగు దేశాలు ఉన్నాయి కాబట్టి 1988 నుంచి మధ్యధరా సముద్రం మీదుగా పడమరకే పంపుతోంది. అక్కడ నేల సెకనుకు 395 మీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతుంటే దానికి ఎదురు ఎగరాలి. ఎంత నష్టపోతారో రేపు ఆ పిల్ల చేతే బోర్డు మీద వేయిస్తాను.