చిత్తడి మూలలో స్వాంప్ మిల్క్‌వీడా, ట్రాపికల్ మిల్క్‌వీడా?

కొత్త_పెరడు (న్యూజెర్సీ): డౌన్‌స్పౌట్ (కప్పు మీది వాన నీళ్లు దిగే గొట్టం) నీళ్లు పడే మూల మాకు ఎప్పుడూ చిత్తడే. బంకమట్టి. బంతి వేస్తే కుళ్లింది. మోనార్క్ సీతాకోకల కోసం అక్కడ స్వాంప్ మిల్క్‌వీడ్ (వాటి గొంగళిపురుగులు తినే మిల్క్‌వీడ్ మొక్కల్లో చిత్తడి రకం) వేద్దామంటే, పక్కింటాయన "ఎరుపు, పసుపు పూల ట్రాపికల్ మిల్క్‌వీడ్ తెచ్చుకోండి, చలి వచ్చేదాకా పూస్తూనే ఉంటుంది" అంటున్నారు. ఏది నయం?

హ్యూస్టన్_అక్క: ట్రాపికల్ జోలికి పోకండి. మా దగ్గర చలికాలంలోనూ అది పచ్చగానే ఉంటుంది. దాంతో ఓఈ అనే పరాన్నజీవి ఆకుల మీద పేరుకుపోతుంది, గొంగళిపురుగు ఆకుతో పాటు దాన్నీ తింటుంది. మా పెరట్లో గూడు చీల్చుకుని వచ్చిన ఒక మోనార్క్ రెక్కలు తడిసిన కాగితంలా ముడుచుకుపోయి, ఎగరలేక నేల మీద పాకింది. ఆ రోజే మొక్కలన్నీ పీకేశాను.

కుండీల_రాజు: అక్కా, హ్యూస్టన్ సంగతి న్యూజెర్సీకి ఎలా అతుకుతుంది? అక్కడ గట్టి చలి పడితే ట్రాపికల్ చచ్చిపోతుంది, ఇక జబ్బు దేని మీద పేరుకుంటుంది? స్వాంప్ విత్తనాలైతే తడి ఇసుకలో కలిపి నెల రోజులు ఫ్రిజ్‌లో పెట్టాలి. మొదటి ఏడు పూస్తుందన్న గ్యారంటీ లేదు. అంత ఓపిక ఎవరికుంది?

పాలచెట్టు (పెన్సిల్వేనియా): రాజు గారి మాట కొట్టిపారేయలేం, చలిప్రాంతంలో ఓఈ భయం తక్కువే. కానీ ఆయన ఆ మూలని మర్చిపోయారు. స్వాంప్ పుట్టిందే వాగుల పక్కన, చిత్తడి నేలల్లో. బంకమట్టిలో నాలుగడుగులు పెరుగుతుంది, చలికి ఎండి మళ్లీ వేరు నుంచే లేస్తుంది. కామన్ మిల్క్‌వీడ్‌లా వేళ్లతో పెరడంతా పాకదు. ఒక్కటే, మొలక ఆలస్యం. మే వచ్చినా కనపడలేదని ఒకసారి నేనే తవ్వేసి తల పట్టుకున్నాను.

జూలైలో గులాబీ పూల గుత్తుల దగ్గర పది నిమిషాలు నిలబడండి. బంబుల్‌బీ కాలు పువ్వు చీలికలో జారుతుంది, లాక్కుంటే పసుపు పుప్పొడి సంచుల జంట కాలికి తగులుకుని వస్తుంది. చిన్న తేనెటీగలు కొన్నిసార్లు ఇరుక్కుని చచ్చిపోతాయి కూడా. మన జిల్లేడు పువ్వుదీ ఇదే పద్ధతి, రెండూ ఒకే కుటుంబం. రథసప్తమికి నెత్తిన పెట్టుకునే ఆకుకి అమెరికా చుట్టమన్నమాట! జిల్లేడు మీద, గన్నేరు మీద పట్టే పసుపు పేనుబంక దీనికీ పడుతుంది. మందు కొట్టకండి. మోనార్క్ గుడ్లు లేవని చూసుకుని నీళ్లతో కడిగేయండి. మొక్క పాలు కళ్లలో పడితే మంట, పిల్లలు జాగ్రత్త.

కుండీల_రాజు: సరే. నాలుగు మొక్కలతో మోనార్క్‌లు బతికిపోతాయా? 2024 డిసెంబరులో వాటిని ముప్పులో ఉన్న జీవుల జాబితాలో చేర్చాలని అమెరికా ప్రభుత్వమే ప్రతిపాదించింది కదా.

పాలచెట్టు: నాలుగు మొక్కలతో బతికిపోవు. కానీ గొంగళిపురుగుకి మిల్క్‌వీడ్ తప్ప వేరే తిండి లేదు. మీ వీధిలో ఇంకెక్కడా లేకపోతే తల్లి గుడ్డెక్కడ పెట్టాలి?

హ్యూస్టన్_అక్క: నర్సరీలో కొంటే పురుగుమందు కొట్టారేమో అడగండి. ఒకసారి కొన్న మొక్క మీద నా గొంగళిపురుగులన్నీ రెండు రోజుల్లో రాలిపోయాయి.

కొత్త_పెరడు: అయితే విత్తనాలే. ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి గిన్నె పక్కన ఇసుక డబ్బా పెట్టడానికి ఇంట్లో పర్మిషన్ అడగాలి, అంతే.