తులూజ్ నుంచి రెండు రోజులు: కార్లు ఎదురుకాని గ్రావెల్ (కంకర, మట్టి) దారి చెప్పండి

కొత్తచక్రం
నమస్తే అందరికీ. ఈ నెలాఖరు శని, ఆదివారాలు ఇక్కడ ఫ్రాన్స్‌లో తులూజ్ నుంచి సైకిల్ మీద బయల్దేరి రెండు రోజులు తొక్కాలని ఉంది. షరతు ఒక్కటే, కార్లు ఉండకూడదు. పోయిన నెల ఒక డీ రోడ్డు (జిల్లా రోడ్డు) మీద వెనక నుంచి వచ్చిన వ్యాను అద్దం నా మోచేతికి తగిలింది. ఊరి బయట సైకిల్‌కి మీటరున్నర వదలాలని ఇక్కడి రూల్. ఆ రోజు జానెడు కూడా లేదు. అప్పటి నుంచి వెనక ఇంజిన్ చప్పుడు వినబడితే చాలు, చేతులు బిగుసుకుపోతున్నాయి. మూడు డౌట్లు: ఏ దారి బాగుంటుంది? 35 ఎంఎం వెడల్పు టైర్ సరిపోతుందా? రాత్రి ఎక్కడ పడుకోవాలి? నేను శాకాహారిని.

పిల్లకాలువ
తమ్ముడూ, కెనాల్ దు మిది అనే పాత పడవల కాలువ గట్టు పట్టుకో. తులూజ్ నుంచి నొరూజ్ దాకా సుమారు 50 కిలోమీటర్లు వ్వా వెర్త్, అంటే మోటారు బండి రాకూడని దారి. ఆ భాగం తారే, గ్రావెల్ కాదు. అసలు సరదా నొరూజ్‌లో మొదలవుతుంది. అందరూ కాలువ వెంటే కాస్టెల్నోదరికి పోతారు. నువ్వు ఎడమకి తిరుగు. అక్కడ రిగోల్ ఉంటుంది, కొండల నుంచి పెద్ద కాలువకు నీళ్లు తెచ్చే పిల్లకాలువ. 1660ల్లో పని మొదలైనప్పుడు ఈ కాలువ కట్టించిన పియెర్ పోల్ రికేకి ఉన్న చిక్కంతా ఇదే: కాలువ తవ్వొచ్చు, 189 మీటర్ల ఎత్తున ఉన్న నొరూజ్ మిట్టకి నీళ్లెలా వస్తాయి? మోంతాఞ్ న్వార్ కొండల్లో వాగులు పట్టి, సాంఫెరెయోల్‌లో చెరువు కట్టి తెచ్చాడు. నీరు పల్లమెరుగు కదా, ఆ వాలు కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. గట్టు మీద బాటా అంతే. రెవెల్ దాకా చెట్ల నీడ, ఎడమ పక్క నీళ్లు, కుడి పక్క పొద్దుతిరుగుడు చేలు. అక్కడక్కడ చిన్న రోడ్లు దాటాలి. నేను ఆ బాట మీద ఎన్నోసార్లు వెళ్లాను, వెళ్లిన ప్రతిసారీ ఇంకో గంట ఉండాలనిపించింది.

రాండో1200
35 చాలు. నేను 2023 పారిస్-బ్రెస్ట్-పారిస్ 1200 కిలోమీటర్లు 90 గంటల లోపు 28 టైర్లతో పూర్తి చేశాను. ఫ్రాన్స్‌లో నాకు తెలియని దారి తక్కువ. లావు టైర్ వేస్తే బరువు తప్ప ఒరిగేదేమీ లేదు.

రేగడి
పారిస్-బ్రెస్ట్ తారు రోడ్డు అన్నా. ఆయన అడిగింది గ్రావెల్.

నా అనుభవం చెప్తాను. రెండేళ్ల కింద నవంబర్‌లో, వాన పడిన మర్నాడు తులూజ్‌కి ఆగ్నేయంగా ఉన్న లోరగే ప్రాంతం పొలాల మధ్య దారిలో వెళ్లాను. అక్కడి మట్టిని వాళ్లు తెర్‌ఫోర్ అంటారు. మన నల్లరేగడి ఎలా అంటుకుంటుందో అచ్చం అలాగే. 200 మీటర్లు పోయేసరికి ముందు చక్రం తిరగడం ఆగిపోయింది. టైర్‌కీ ఫోర్కుకీ మధ్య మట్టి, అందులో గడ్డిపోచలు కలిసి ఇటుకలా గట్టిపడింది. పుల్లతో గీరితే పుల్ల విరిగింది. చివరికి టైర్ లివర్‌తో గీరుకుంటూ, సైకిల్ భుజాన వేసుకుని 3 కిలోమీటర్లు నడిచాను. కాబట్టి టైర్ ఎంత లావన్నది తర్వాత. ఫోర్కులో వేలు దూరే సందు ఉందా లేదా చూసుకో. వాన పడితే పొలం దారి వదిలి రైలు దారికి పో.

బెదారియూ_అక్క
రైలు దారి అంటే పాసాపైస్ గురించి చెప్పాలి కదా! మాజామే నుంచి బెదారియూ దాకా 80 కిలోమీటర్ల పాత రైలు మార్గం. పట్టాలు తీసేసి సన్న కంకర పరిచారు. వాన పడ్డా నీళ్లు నిలవవు, మట్టి అంటదు. రైలు నడిచిన దారి కాబట్టి ఎక్కుడు కూడా మెల్లగానే ఉంటుంది. కుర్నియూ దగ్గర పొడుగాటి సొరంగం, లోపల ఆగస్టులో కూడా చలి. మా అబ్బాయికి 9 ఏళ్లు, వాడితోనే రెండు రోజుల్లో పూర్తి చేశాం. 12 ఏళ్ల లోపు పిల్లలకి హెల్మెట్ తప్పనిసరి, మరిచిపోకండి.

కొత్తచక్రం
థాంక్స్ అక్కా. కానీ నాకు కారు లేదు, మాజామే చేరడం ఎలా? పిల్లకాలువ గారూ, రిగోల్ మీద షాపులున్నాయా? నీళ్లు ఎక్కడ నింపుకోవాలి?

పిల్లకాలువ
ఊళ్లు కాస్త దూరంలో ఉంటాయి. సోమవారం చాలా చోట్ల బేకరీ కూడా తియ్యరు. నీళ్లకి బెంగ వద్దు, చాలా ఊళ్లలో శ్మశానం గోడ పక్కన కుళాయి ఉంటుంది. పూలకి పోయడానికి పెట్టిస్తారు. ఇక్కడ తొక్కేవాళ్లందరూ అక్కడే నింపుకుంటారు.

విశాఖ_శర్మ
క్షమించాలి, కానీ ఇది చదివి మనసు ఒప్పలేదు. శ్మశానంలో నీళ్లు తాగమని కొత్తవాళ్లకి చెప్తారా? మన ఇళ్లలో శ్మశానానికి వెళ్లొస్తే స్నానం చేయకుండా గడప దాటరు. ఒక సీసా ఎక్కువ మోసుకుంటే పోయేదేముంది?

రాండో1200
38 డిగ్రీల ఎండలో తొక్కి చూడండి సార్, అప్పుడు ఆచారం గురించి మాట్లాడదాం.

విశాఖ_శర్మ
నేనూ తొక్కుతాను. మీ ఒక్కరికే ఎండ కొట్టదు. ఎండ పేరు చెప్పి అన్నీ వదిలేయమంటే ఎలా?

రేగడి
ఆచారం పక్కన పెట్టండి, ఆ నీళ్లు తాగేవేనా అన్నది ముఖ్యం. అన్ని కుళాయిలూ ఊరి పైపుకి కలిసి ఉండవు. కొన్నిటికి బావి నీళ్లో వాన నీళ్లో వస్తాయి. "ఓ నాన్ పోతాబ్ల్" (తాగే నీళ్లు కావు) అని బోర్డుంటే ముట్టుకోవద్దు. బోర్డు లేకపోయినా డౌట్ ఉంటే ఆ నీళ్లు తల మీద పోసుకో, తాగకు. చలికాలం గడ్డకడుతుందని చాలా చోట్ల కట్టేస్తారు కూడా.

బెదారియూ_అక్క
శర్మ గారూ, మీ నమ్మకం మీది, కాదనను. కానీ మైల అన్న ఉద్దేశంతో మాట్లాడితే నాకు బాధగా ఉంది. మా నాన్నగారు పోయినప్పుడు నాకు టికెట్ దొరకలేదు, చివరి చూపు దక్కలేదు. ఆ తర్వాత నెల ఒంటరిగా సైకిల్ తీసుకుని వెళ్లాను. ఒక ఊరి శ్మశానం కుళాయి దగ్గర ఒక పెద్దావిడ నీళ్ల డబ్బా నింపుకుంటోంది. నన్ను చూసి పక్కకి జరిగి, ముందు నన్నే పట్టుకోమంది. తర్వాత ఆవిడ భర్త సమాధి దగ్గర పూలకుండీలకి నీళ్లు పోస్తుంటే నేనూ ఒక డబ్బా మోశాను. నాన్నకి నేను చేయలేకపోయింది ఏదో అక్కడ చేసినట్టనిపించింది. ఆ నీళ్లే తాగాను.

విశాఖ_శర్మ
అమ్మా, మిమ్మల్ని నొప్పించాలని కాదు. నేను తాగను, అంతే. ఎవర్నీ తప్పు పట్టను.

పిల్లకాలువ
ఒక్క మాట. ఎవరైనా సమాధుల దగ్గర ఉంటే హెల్మెట్ తీసి, వాళ్లు వెళ్లేదాకా ఆగి పట్టుకోండి. గేటు దగ్గరగా వేసి రండి.

పల్లేరు_అగ్ద్
అందరూ నీళ్ల మీద పడ్డారు, టైర్ సంగతి వదిలేశారు. సముద్రం వైపు, బెజియే దాటాక కాలువ గట్టు మీద ఏముందో తెలుసా? మన పల్లేరు కాయలే! ఇక్కడివాళ్లు క్ర్వా ద మాల్త్ అంటారు. చిన్నప్పుడు చెప్పుల్లేకుండా పొలం పోతే కాల్లో దిగేవి, అవే ముళ్లు. ఒక సాయంత్రం ఒక్క టైర్‌లోంచి 11 లాగాను. ట్యూబ్ అయితే ఆ రోజు ఇల్లు చేరేవాణ్ణి కాదు. ట్యూబ్‌లెస్ కాబట్టి ముల్లు లాగిన చోట లోపల పోసిన సీలెంట్ (చిల్లు మూసే ద్రవం) తెల్లగా బుడగలొచ్చి, చక్రం నాలుగు చుట్లు తిప్పేసరికి మూసుకుంది. 45 ఎంఎం ట్యూబ్‌లెస్, నా బరువుకి గాలి 2 బార్. ఇంకోటి వద్దు.

రాండో1200
సీలెంట్ ఎండిపోతే అదే ట్యూబ్‌లెస్ నిన్ను నడిపిస్తుంది. ట్యూబ్ మార్చడం రానివాళ్లు చెప్పే మాటలివి.

పల్లేరు_అగ్ద్
అన్నా, నాకు ట్యూబ్ మార్చడం రాదని మీకెవరు చెప్పారు? మూడు నెలలకోసారి సీలెంట్ పోస్తే ఎందుకు ఎండుతుంది? ప్రతి మాటకీ ఎదుటివాణ్ణి చిన్నబుచ్చడం దేనికి?

రాండో1200
సరే, ఆ మాట ఎక్కువైంది. అయినా ట్యూబ్ ఒకటి బ్యాగ్‌లో ఉండాల్సిందే, అది మాత్రం వెనక్కి తీసుకోను.

కాస్టెల్_కిరణ్
చెట్ల నీడ అని నమ్మించారు గానీ, కాలువ మీద ఆ నీడ ఎంత మిగిలింది? మొత్తం 42 వేల ప్లాటాన్ చెట్లుండేవి. 2006లో బూజు తెగులు బయటపడ్డప్పటి నుంచి వేల చెట్లు కొట్టి కాల్చేశారు. నేను ఇల్లు తీసుకున్నప్పుడు మా కిటికీ ముందు ఏడు చెట్లు, ఇప్పుడు మొద్దులు కూడా లేవు. కొత్త మొక్కలు నాటారు, నీడకి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది. రిగోల్ మీద మాత్రం చెట్లు బాగున్నాయి, ఆ మాట నిజం.

ఇంకో సంగతి, గాలి చూసుకో. ఆగ్నేయం నుంచి ఓతాన్ గాలి వీస్తుంటే తులూజ్ నుంచి ఎదురు తొక్కకు, రోజంతా తొక్కినా దూరం తరగదు. టీఈఆర్ (లోకల్ రైలు)లో సైకిల్ వేసుకుని కాస్టెల్నోదరిలో దిగి, వెనక్కి తొక్కు. గాలే నిన్ను ఇంటికి తోస్తుంది.

రేగడి
వేట సీజన్ మొదలైంది, అది ఎవరూ అనలేదు. ఆదివారం పొద్దున అడవి పందుల కోసం గుంపుగా దిగుతారు. దారి మొదట్లో "షాస్ ఆన్ కూర్" (వేట జరుగుతోంది) బోర్డు కనబడితే పంతానికి పోవద్దు, వెనక్కి తిరుగు. నారింజ రంగు జాకెట్ వేసుకో, గంట మోగించుకుంటూ వెళ్లు. ప్రైవేట్ అని బోర్డున్న అడవిలోకి అసలు పోకు, 2023 చట్టం తర్వాత జరిమానా వేస్తున్నారు.

కొత్తచక్రం
అందరికీ థాంక్స్. పడుకోవడం గురించి ఎవరైనా చెప్పండి, ప్లీజ్. కాస్టెల్నోదరిలో కాసూలె తినమని ఫ్రెండ్ అన్నాడు.

బెదారియూ_అక్క
కాసూలె వద్దు! చూడ్డానికి చిక్కుళ్ల కూరలా ఉంటుంది, లోపల బాతు, పంది మాంసం. బ్రెడ్, చీజ్, టమాటాలు, ఒక సీసాలో మన ఆవకాయ పెట్టుకో.

కొత్తచక్రం
వెళ్లొచ్చాను. శనివారం గాలి పడమర నుంచి, అందుకని తులూజ్ నుంచే బయల్దేరాను. నొరూజ్‌లో ఎడమకి తిరిగాక సాయంత్రం దాకా వెనక ఇంజిన్ చప్పుడు లేదు. నీళ్ల మీద ఆకులు నాతో పాటే వచ్చినట్టు కాసేపు అనిపించింది, కానీ అవి కిందకి, నేను పైకి. రెవెల్‌లో ఒక ఇంట్లో అద్దెగదిలో పడుకున్నాను, యజమానురాలు గుడ్డు లేని సూప్ చేసి పెట్టారు. 35 టైర్ పొడి నేల మీద చాలింది. ఆదివారం దారి మధ్యలో వేట బోర్డు కనబడింది, తిరిగి వచ్చేశాను. కుళాయి దగ్గర ఆగాను అక్కా, నీళ్లు పట్టుకున్నాను.

విశాఖ_శర్మ
క్షేమంగా వచ్చావు, సంతోషం నాయనా. ఆ రెవెల్ గది వివరం మెసేజ్ పెడతావా? దసరాకి నేనూ మా ఆవిడా వెళ్దామనుకుంటున్నాం. ఆవిడది 32 టైర్, ఇబ్బంది పడుతుందా?

పల్లేరు_అగ్ద్
45 వేయించండి శర్మ గారూ.

రాండో1200
32 చాలు.