నరసన్నపేటలో చూసిన పాత ప్రొజెక్టరు: ఇంట్లో సినిమాల కోసం కొనవచ్చా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
మోకాళ్ల ఆపరేషన్ తరువాత మా నాన్నగారు సినిమా హాలు మెట్లు ఎక్కలేకపోతున్నారు. టీవీలో చూస్తే సినిమా చూసినట్టే ఉండదనే మనిషి కాబట్టి, ఇంట్లోనే గోడ మీద పెద్ద బొమ్మ వేసి చూపించాలని నా కోరిక. నరసన్నపేటలో మూతపడుతున్న ఒక కోచింగ్ సెంటరు వారు తమ ప్రొజెక్టరును 12,000 రూపాయలకు ఇస్తామంటున్నారు. అది ఎల్‌సీడీ రకం, రిజల్యూషన్ 1024 × 768, వెలుగు 3,000 ల్యూమెన్లు. ల్యాంపు 1,900 గంటలు వాడినట్టు మెనూలో కనిపిస్తోంది. మా గది పొడవు 14 అడుగులు. వాడి చూసిన వారు తమ అనుభవం చెప్పగలరు.

గంటస్తంభం (విజయనగరం):
మూడేళ్ల క్రితం నేను సరిగ్గా ఇలాంటిదే కొన్నాను కాబట్టి కొంత వివరంగా రాస్తున్నాను. అది పాఠాల కోసం తయారైన యంత్రం, దాని బొమ్మ 4:3 ఆకారంలో ఉంటుంది. మన సినిమాలు ఎక్కువగా స్కోప్‌లో, అంటే ఎత్తుకు 2.39 రెట్ల వెడల్పుతో ఉంటాయి కనుక, ఆ 768 వరుసల్లో దాదాపు 430 మాత్రమే సినిమాకు ఉపయోగపడి మిగిలినవన్నీ పైనా కిందా నల్లపట్టీలుగా పోతాయి. త్రో రేషియో (గోడకు ఉన్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె) 1.9 అనుకుంటే, గోడకు పన్నెండున్నర అడుగుల దూరంలో పెట్టినప్పుడు బొమ్మ వెడల్పు ఆరున్నర అడుగులు వస్తుంది, ఎత్తు మాత్రం మూడడుగులు కూడా ఉండదు. ఈ లెక్క నేను కొన్న తరువాతే వేసుకున్నాను.

గంటల అంకెను కూడా నమ్మకండి, దానిని మెనూలోనే సున్నాకు మార్చవచ్చు. 700 గంటలని చెప్పి నాకు అమ్మిన యంత్రంలో ల్యాంపు రెండు నెలలకే పోయింది. ఈ పాదరసపు ల్యాంపులకు సాధారణంగా 3,000 నుంచి 5,000 గంటల ఆయువు చెబుతారు, అయితే అది వెలుగు సగానికి పడిపోయే వరకు వేసిన లెక్క. మీ నాన్నగారి కోసమైతే కనీసం 1280 × 800, వీలైతే 1920 × 1080 ఉన్నదే చూడండి.

జీడితోట (పలాస):
మా వైపు గాలిలో తేమ ఎక్కువ. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తరువాత చాలా రోజులు కరెంటు లేక మా ప్రొజెక్టరు పెట్టెలోనే ఉండిపోయింది. తీసి చూసేసరికి లెన్స్ లోపల సాలెగూడు లాంటి బూజు పట్టి ఉంది. సెల్‌ఫోన్ లైటును లెన్స్ మీదకు ఏటవాలుగా వేసి చూస్తే అది బయటపడుతుంది.

చీపురుపల్లి రోడ్డు (రాజాం):
ఇదే సొమ్ముకు కొత్త ఎల్‌ఈడీ ప్రొజెక్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి కదా?

వేణుగోపాలపురం (బొబ్బిలి):
వాటి పెట్టె మీద వేసే వేల ల్యూమెన్లు చాలావరకు ఆన్సీ (ప్రొజెక్టరు వెలుగును కొలిచే ప్రామాణిక పద్ధతి) కొలత ప్రకారం కొలిచినవి కావు. పగటి వెలుతురులో వాటి కంటే మంచి పాత యంత్రమే మేలు. నేను బడుల్లో ప్రొజెక్టర్లు బిగించే పని చేస్తాను కనుక పరీక్ష గురించి చెబుతాను. ముందుగా పూర్తిగా తెల్లగా ఉన్న చిత్రం వేయండి. ఎల్‌సీడీ యంత్రంలో నీలిరంగు భాగం వేడికి పాడైతే ఆ చోట పసుపు మరక పడుతుంది. డీఎల్‌పీ (సన్నని అద్దాల చిప్పుతో బొమ్మ వేసే రకం) అయితే నల్ల చిత్రం వేసి తెల్ల చుక్కలున్నాయేమో చూడండి. దానిలో రంగుల చక్రం తిరుగుతుంది కాబట్టి కళ్లు కదిపినప్పుడు కొందరికి మాత్రమే ఇంద్రధనుస్సు రంగులు మెరుస్తాయి, అందువల్ల సినిమా చూడబోయే మనిషే వచ్చి చూడాలి. మీ స్ట్రీమింగ్ స్టిక్‌నూ హెచ్‌డీఎంఐ తీగనూ వెంట తీసుకువెళ్లండి, వీజీఏ (పాత కంప్యూటరు తీగ పెట్టే చోటు) మాత్రమే ఉన్న పాతవాటిలో ఓటీటీ యాప్‌లు సరిగా పనిచేయవు. అన్నిటికన్నా ముఖ్యంగా రెండు గంటలు ఆపకుండా నడిపించి చూడండి. ఇంటికి తెచ్చాక ఇన్వర్టరు మీదే వాడండి. కరెంటు హఠాత్తుగా పోతే ఫ్యాను ఆగి, వేడి మీదున్న ల్యాంపు దెబ్బతింటుంది.

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం నరసన్నపేట వెళ్లి రెండు గంటలకు పైగా కూర్చున్నాను. తెల్ల చిత్రం వేయగానే ఎడమవైపు కింది మూలలో అరచేయంత పసుపు మరక కనిపించింది. నలభై నిమిషాలకు టెంపరేచర్ లైటు వెలిగి యంత్రం ఆగిపోయింది. ఫిల్టరు మూత తీస్తే లోపల సుద్దపొడి, దుమ్ము కలిసి దళసరి గుడ్డలా అతుక్కుని ఉన్నాయి. సెంటరు వారే బ్రష్షుతో దులిపారు, ఆ తరువాత యంత్రం ఆగలేదు, మరక మాత్రం అలాగే ఉంది. 7,000 రూపాయలకు ఇస్తామన్నారు కానీ నేను వద్దన్నాను.

విజయనగరంలో పెళ్లి వీడియోలు తీసేవారి దగ్గర 1920 × 1080 డీఎల్‌పీ ఒకటి ఉందని తెలిసింది. వచ్చే ఆదివారం చూడబోతున్నాను. గంటస్తంభం గారూ, మీకు తీరిక ఉంటే దయచేసి అక్కడికి రండి. నాన్నగారిని కారులో తీసుకువస్తాను, రంగులు మెరుస్తున్నాయో లేదో ఆయన కళ్లతోనే చూసి చెప్పాలి.