అప్‌డేట్: నెట్ షాపు కంప్యూటర్ల గొడవ ఓ కొలిక్కి వచ్చింది

అనంతపురం క్లాక్ టవర్ దగ్గర మాది చిన్న నెట్ షాపు, ఐదు సిస్టంలు. దరఖాస్తుల ఆఖరి రోజు పిల్లలు క్యూలో ఉండగా విండోస్ దానంతటదే రీస్టార్ట్ అయి నలభై నిమిషాలు కూర్చోబెట్టిందని, అప్‌డేట్లు పూర్తిగా ఆపేయొచ్చా అని రెండు నెలల కింద అడిగాను. వద్దని అందరూ తిట్టినంత పని చేశారు. సరే, ఆపలేదు.

మైక్రోసాఫ్ట్ నెలనెలా ప్యాచ్‌లు, అంటే ఈ అప్‌డేట్లే, వదిలేది రెండో మంగళవారం. అమెరికాలో పొద్దున అంటే మనకు రాత్రి పదిన్నర, పదకొండున్నర. అందుకే బుధవారం ఒక్క సిస్టంలోనే వేస్తున్నా. మిగతావి పాజ్‌లో ఉంటాయి, ఐదు వారాల దాకా కుదురుతుంది. ప్రింటర్, వేలిముద్ర మిషన్ సరిగ్గా పనిచేస్తే ఆదివారం షట్టర్ దించి మిగతావాటికి వేస్తా. పోయిన నెల ఆ ఒక్కదాంట్లోనే ప్రింటర్ తెల్ల కాగితాలు కక్కింది. డ్రైవర్ మళ్లీ వేస్తే సరిపోయింది. అన్నిట్లో ఒకేసారి వేసుంటే నా పని అయిపోయేది!

ఒక పాతదానికి విండోస్ 11 ఎక్కదు. విండోస్ 10కేమో 2025 అక్టోబర్ 14తోనే సపోర్ట్ అయిపోయింది. దానికి నెట్ పీకేసి స్కానింగ్‌కు పెట్టా.

పనిలో పనిగా క్యాబినెట్లూ విప్పా. ఫ్యాన్ రెక్కల మీద ఎర్రదుమ్ము కంబళిలా పేరుకుంది. బయట బ్లోయర్ కొడితే పక్క టీకొట్టు అన్న గిన్నెలన్నీ మూసుకుని నన్ను ఏకిపారేశాడు. యూపీఎస్ బ్యాటరీ ఒక్కటే మిగిలింది, ఈ నెల బాడుగ కట్టాక చూడాలి.