60 దాటాక కాళ్లలో బలం తగ్గుతోంది: క్యాప్సూల్స్ కొనాలా, ఇంకేమైనా చేయాలా?

గోదారిగట్టు:
అమ్మకు 64 ఏళ్లు, బరువు 55 కిలోలు. షుగర్‌కి పదేళ్లుగా మెట్‌ఫార్మిన్, దాంతోపాటు బీపీ మాత్ర వాడుతోంది. రోజూ అరగంట నడుస్తుంది. అయినా కింద కూర్చుంటే నేలకు చెయ్యి ఆనించకుండా లేవలేకపోతోంది, పిక్కలు సన్నబడ్డాయి. గుడ్డు తింటుంది, మాంసం ముట్టదు. వయసు మీద పడకుండా ఆపుతాయని ఎన్ఎంఎన్, రెస్వెరట్రాల్ క్యాప్సూల్స్ కొనమంటున్నారు చుట్టాలు. కొనమంటారా?

ఫిజియో_వరంగల్:
ముందు కొలవండి. చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించి, అమ్మగారిని రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని 5 సార్లు లేచి కూర్చోమనండి. 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే కాళ్ల పనితీరు తగ్గినట్టు లెక్క. పిక్క చుట్టుకొలత ఆడవాళ్లకు 33 సెం.మీ. లోపు ఉంటే కండ తరుగుతోందేమో డాక్టర్ చేత చూపించాలి.

నడక మానొద్దు, గుండెకీ షుగర్‌కీ అది కావాలి. కానీ తొడ కండరం పెరగాలంటే దాని మీద భారం కొంచెం కొంచెంగా పెరుగుతుండాలి, మామూలు నడకలో అది జరగదు. అందుకే ఆ కుర్చీ పరీక్షనే వ్యాయామంగా మార్చండి. రోజు విడిచి రోజు, 8 సార్లు చొప్పున 3 విడతలు, మధ్యలో 2 నిమిషాలు విశ్రాంతి. పాదాలు మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి ఉండాలి. లేచేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబడితే బీపీ ఎగబాకుతుంది. కూర్చోడానికి 3 సెకన్లు తీసుకోవాలి. చాలామంది దబ్బున కూలబడతారు, సగం ఫలితం అక్కడే పోతుంది. 12 సార్లు సులువుగా వస్తుంటే రెండు చేతుల్లో లీటరు నీళ్ల సీసాలు పట్టించండి. నెలల తరబడి అదే 8 దగ్గర ఆగిపోతే బలం కూడా అక్కడే ఆగుతుంది.

గోదారిగట్టు:
మోకాళ్లు నొప్పంటుంది అండీ.

ఫిజియో_వరంగల్:
కుర్చీలో గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి. నొప్పి తగ్గాక దిండు తీసేయొచ్చు. మోకాలు వాచినా, మర్నాటికి నొప్పి ఎక్కువైనా ఆపి చూపించండి.

పప్పూ_పెరుగూ:
వ్యాయామం ఒక్కటే చాలదు, తిండిలో ప్రోటీన్ కావాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) వయోజనులకు రోజుకు, కిలో బరువుకి 0.83 గ్రాములు అంటుంది. వయసు మళ్లినవాళ్లకు 1 నుంచి 1.2 దాకా కావాలన్నది వృద్ధుల పోషణ నిపుణుల మాట. అంటే మీ అమ్మగారికి 55–66 గ్రాములు. పొద్దున 50 గ్రాముల పెసలతో పెసరట్టు, ఒక గుడ్డు: 18 గ్రాముల ప్రోటీన్. మధ్యాహ్నం అన్నం, 40 గ్రాముల పప్పు, కప్పు పెరుగు: దాదాపు 20. సాయంత్రం గుప్పెడు వేయించిన శనగలు: 6. రాత్రి రెండు పుల్కాలు, 25 గ్రాముల మీల్‌మేకర్ కూర: 19. పప్పును వండకముందే తూచండి. పలచటి పప్పుచారు గిన్నెడు తాగినా అందులో పప్పు చాలా తక్కువ. అన్నిటికన్నా ముందు కిడ్నీ పరీక్షలు, అంటే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ చూపించండి. షుగర్ ఉన్నవాళ్లకు ఇది తప్పనిసరి. కిడ్నీ దెబ్బతిని ఉంటే ఈ లెక్క వర్తించదు, డాక్టర్ చెప్పినంతే పెట్టాలి.

జనరల్_మెడిసిన్:
క్యాప్సూల్స్ వద్దు. అవి మనిషి ఆయుష్షు పెంచుతాయని ఇంతవరకు రుజువు కాలేదు. ఆ డబ్బుతో బి12 పరీక్ష చేయించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. దానివల్ల అరికాళ్లు మొద్దుబారితే షుగర్ వల్లేనని వదిలేస్తుంటారు. మెట్‌ఫార్మిన్‌తోపాటు గ్లిమిపిరైడ్‌లాంటి మరో షుగర్ మాత్ర కూడా ఉంటే, వ్యాయామం మొదలుపెట్టిన కొత్తలో షుగర్ పడిపోవచ్చు, గ్లూకోమీటర్‌తో చూసుకోండి.

బీపీ రెండుసార్లు చూడండి: 5 నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డ 3 నిమిషాల్లోపు మరోసారి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు కళ్లు తిరిగి పడే ప్రమాదం ఉంది. మాత్ర మీ అంతట మీరు ఆపకండి, ఆ అంకెలు రాసుకెళ్లి డాక్టర్‌కి చూపిస్తే మోతాదో వేళో మారుస్తారు. విటమిన్ డి 60,000 యూనిట్ల సాచెట్లు కూడా చీటీలో రాసినన్ని వారాలే వాడాలి. ఆపకుండా వేసుకుంటూ పోతే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలకే ముప్పు.