పెడదారి పట్టిన టీనేజ్ పిల్లలకు అడవి శిబిరాలు: నిజంగా మేలు చేస్తాయా?

సుజాత, మారతహళ్ళి
మా అబ్బాయికి 15 ఏళ్లు. కొన్ని నెలలుగా బడికి వెళ్లనంటున్నాడు. గది తలుపు వేసుకుని రాత్రంతా ఫోను చూస్తూ, పగలంతా నిద్రపోతూ, మాతో మాట్లాడటమే మానేశాడు. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు అక్కడి వైల్డర్‌నెస్ థెరపీ (పిల్లలను అడవిలో ఉంచి చేసే మానసిక చికిత్స) గురించి చెప్పి, ఇక్కడ అలాంటిది ఉంటే పంపమని పట్టుబడుతున్నారు. రామనగర వైపు ఒక క్యాంపువారు పిల్లవాడు పది రోజుల్లో దారికొస్తాడని ఫోనులో మాట ఇచ్చారు. నమ్మవచ్చా? పిల్లలను పంపినవారు ఉంటే దయచేసి చెప్పండి.

మాధవి, జయనగర
సుజాత గారూ, నేను బడిలో కౌన్సెలర్‌ని. అమెరికాలో ఆ పేరుతో జరిగేది పది రోజుల ట్రెక్కింగ్ కాదు. పిల్లలు చిన్న గుంపుగా వారాల తరబడి ఆరుబయటే ఉంటారు, చికిత్సకులు క్రమం తప్పకుండా వచ్చి ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారు. ఫలితాల మాటకొస్తే, బోవెన్, నీల్ అనే పరిశోధకులు 2013లో 197 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు సాహస చికిత్స (ఆరుబయటి సాహసాలతో చేసే చికిత్స, అడవి చికిత్స ఇందులో ఒక రకం) వల్ల ఒక మోస్తరు మేలు కనిపించింది. 2016లో బెట్‌మన్ బృందం అడవి చికిత్సలో సొంత డబ్బుతో చేరిన 2,399 మందికి సంబంధించిన 36 అధ్యయనాలను పరిశీలించి దాదాపు అలాంటి ఫలితమే చూపింది. అయితే ఈ రంగంలోని అధ్యయనాల్లో చాలావరకు పిల్లలు చేరేముందు ఎలా ఉన్నారు, తిరిగి వెళ్లేటప్పుడు ఎలా ఉన్నారు అని చూసినవే తప్ప, ఇంటివద్దే చికిత్స పొందిన పిల్లలతో పోల్చినవి తక్కువ. బాగా కుంగిపోయిన దశలో చేర్చిన పిల్లలు కాలం గడిచేకొద్దీ ఎలాగూ కొంత కోలుకుంటారు కాబట్టి, ఆ మార్పులో అడవి వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

రాఘవరావు, కనకపుర రోడ్డు
మా అమ్మాయి సావనదుర్గ దగ్గరి ఒక శిబిరానికి తన ఇష్టంతోనే వెళ్లింది. మేలు జరగలేదని అనను. వానకు తడిసిన పుల్లలతో పొయ్యి అంటుకోక ఏడ్చిందట. తోటి పిల్ల ఒకతె పుల్లను చీల్చి, లోపలి పొడి భాగాన్ని సన్నగా చెక్కి ఎలా రాజేయాలో చూపించిందట. ఆ పొయ్యి మీదే అందరికీ అన్నం వండానని చెబుతున్నప్పుడు దాని గొంతులో ఎన్నాళ్లకో ఉత్సాహం విన్నాను. కానీ ఆ శిబిరంలో మానసిక నిపుణులెవరూ లేరు, ఇంట్లో పరిస్థితీ మారలేదు, నెల తిరిగేసరికి కథ మళ్లీ మొదటికొచ్చింది. వారం వారం కౌన్సెలింగ్ మొదలై, మా దంపతులను కూడా కూర్చోబెట్టి మాట్లాడించాకే నిలకడ వచ్చింది. పరీక్షల భయం గురించి మాట్లాడించడానికి ఆ కౌన్సెలర్‌కు పొయ్యి సంగతి ఎంతో పనికొచ్చింది.

కిరణ్, వైట్‌ఫీల్డ్
అక్కా, మీ అబ్బాయికి ఇష్టం లేకపోతే మాత్రం పంపకండి. అమెరికాలో కొందరు తల్లిదండ్రులు డబ్బిచ్చి మనుషులను పెట్టి, అర్ధరాత్రి పిల్లలను నిద్రలేపి బలవంతంగా తరలించారు. అలా వెళ్లిన పిల్లలు పెద్దయ్యాక కూడా ఆ రాత్రిని తలచుకుని భయపడుతున్నామని చెబుతున్నారు. ఇటువంటి శిబిరాల్లో, వసతి కేంద్రాల్లో జరిగిన హింస గురించి, మరణాల గురించి అక్కడి ప్రభుత్వ తనిఖీ సంస్థ 2007లోనే నివేదిక ఇచ్చింది. అయినా 2024 ఫిబ్రవరిలో నార్త్ కరొలైనాలోని ఒక శిబిరంలో చేరిన మర్నాడే 12 ఏళ్ల బాలుడు చనిపోయాడు, ఆ తర్వాత రాష్ట్రం దాని లైసెన్సును రద్దు చేసింది. లైసెన్సులు, తనిఖీలు ఉన్నచోటే ఇలా జరిగితే, ఫోనులో హామీలిచ్చే క్యాంపును ఏ ధైర్యంతో నమ్ముతాం?

మాధవి, జయనగర
రాత్రి మెలకువ, పగటి నిద్ర, బడికి వెళ్లకపోవడం కుంగుబాటు లక్షణాలు కూడా కావచ్చు. కాబట్టి ముందు వైద్యులకు చూపించండి. మన బెంగళూరులోని మానసిక ఆసుపత్రి నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది, ఫోను వాడకం అదుపు తప్పినవారి కోసం 2014 నుంచి షట్ క్లినిక్ కూడా నడుస్తోంది. మధ్యలో ఎప్పుడైనా భయమేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోను చేయండి. వైద్యులు సరేనంటే కొండలు ఎక్కించడం కూడా మేలు చేయవచ్చు.

సుజాత, మారతహళ్ళి
అందరికీ కృతజ్ఞతలు. క్యాంపువారికి మళ్లీ ఫోను చేశాను. ఆ పది రోజులూ పిల్లవాడితో మాట్లాడటం కుదరదన్నారు, మానసిక నిపుణులు ఎవరని అడిగితే మాట దాటవేశారు. అడ్వాన్సు కట్టడం లేదు. నిమ్హాన్స్‌కు వెళ్దామని అబ్బాయిని అడిగితే, నాన్న కూడా వస్తే వస్తానన్నాడు. అక్కడ ఓపీ చీటీకి పొద్దున్నే ఎన్నింటికి వెళ్లాలో తెలిసినవారు చెప్పగలరా?